కిటికీ అద్దాలకి చుక్కల స్టిక్కర్: బెంగళూరు ఫ్లాట్‌లో ఒక చలికాలం వాడి చూశాక

పిట్టలు వచ్చి గుద్దుకోకుండా కిటికీ అద్దాలకి బయటి వైపు అంటించే తెల్ల చుక్కల స్టిక్కర్ గురించి రాస్తున్నాను. పోయిన వానాకాలానికి ముందు పెట్టించాం, వలస పిట్టలు వచ్చే చలికాలం అంతా గడిచింది, ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను. పని చేస్తోంది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ అర తగ్గించింది స్టిక్కర్‌ని చూసి కాదు, దాన్ని అమ్మేవాళ్లు చెప్పే అరకొర మాటల్ని చూసి. చెట్లకి ఎదురుగానో చెరువు దగ్గరో, కింది నాలుగైదు అంతస్తుల్లో ఉండేవాళ్లు మాత్రం ఇది తప్పకుండా చదవండి, ఎందుకంటే మీ ఇంటి అద్దమే అసలు సమస్య అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

మాది సర్జాపూర్ రోడ్డు వైపు, కైకొండ్రహళ్లి చెరువుకి నడిచి వెళ్లేంత దూరం. రెండో అంతస్తు. హాల్లో ఒక పెద్ద ఫిక్స్‌డ్ అద్దం, పక్కనే బాల్కనీకి స్లైడింగ్ డోర్, ఎదురుగా నిద్రగన్నేరు చెట్టు, దాని పక్కన రెండు కానుగలు. ఫ్లాట్ కొనేటప్పుడు ఆ చెట్టు చూసే కొన్నాం. పొద్దుటి ఎండలో కిందకి దిగి పార్కింగ్ దగ్గర నిలబడి పైకి చూస్తే మా హాలు అద్దం అద్దంలా కనిపించదు, అక్కడ ఇంకో నిద్రగన్నేరు చెట్టు ఉన్నట్టే ఉంటుంది, కొమ్మలు, ఆకులు, మధ్యలో ఆకాశం, అన్నీ అచ్చు గుద్దినట్టు. పిట్టకి కనిపించేది కూడా అదే. పూర్తి వేగంతో ఆ లేని చెట్టు మీద వాలడానికి వస్తుంది.

గువ్వలు కొట్టుకున్నాయి, పికిలి పిట్టలు కొట్టుకున్నాయి, ఒకసారి లకుముకి. గువ్వ గుద్దుకున్నాక అద్దం మీద దాని ఈకల పొడి అచ్చు పడుతుంది, రెక్కలు విప్పిన ఆకారం, కళ్లు ఎక్కడున్నాయో కూడా తెలిసేంత స్పష్టంగా. ఒక కంసాలి పిట్ట మాత్రం బాల్కనీలోనే చనిపోయింది. వేసవిలో మధ్యాహ్నమంతా టుక్ టుక్ టుక్ అని కొట్టే ఆ ఎర్ర నుదురు పిట్టని చేతిలోకి తీసుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. ఆ సాయంత్రమే స్టిక్కర్ల కోసం వెతకడం మొదలుపెట్టాం.

చాలామంది అనేది "కాసేపు కూర్చుని ఎగిరిపోయిందిలే, ఏం కాలేదు" అని. అది నిజం కాకపోవచ్చు. అమెరికాలో మ్యూలెన్‌బర్గ్ కాలేజీలో డేనియల్ క్లెమ్ అనే పక్షి శాస్త్రవేత్త 1970ల నుంచి ఇదే విషయం మీద పని చేస్తున్నారు. గుద్దుకున్న పిట్టలు చనిపోయేది ఎక్కువగా తలకి తగిలిన దెబ్బతో, మెదడులో రక్తస్రావంతో అని ఆయన పరిశీలనల్లో తేలింది. మెడ విరిగి చనిపోతాయని మనం అనుకుంటాం కానీ అది తక్కువ. అంటే లేచి ఎగిరిన పిట్ట కూడా కొన్ని గంటల తర్వాత ఏ పొదలోనో పడిపోవచ్చు, మనకి తెలీదు. మనకి కనిపించే లెక్క ఎప్పుడూ తక్కువే.

అసలు పిట్టకి అద్దం ఎందుకు తెలీదు? మనం కూడా అద్దాన్ని నేరుగా చూడం, దాని చుట్టూ ఉన్న ఫ్రేమ్, హ్యాండిల్, మరకలు చూసి ఇక్కడ అద్దం ఉంది అని అర్థం చేసుకుంటాం. పిట్టకి ఆ చదువు లేదు. పైగా చాలా పిట్టల కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి, చుట్టూ బాగా కనిపిస్తుంది కానీ సరిగ్గా ఎదురుగా ఉన్నది రెండు కళ్లతో చూసేది తక్కువ భాగమే. వయసుతోనూ అనుభవంతోనూ కూడా నేర్చుకోలేవు, ఎందుకంటే మొదటి పాఠమే ప్రాణం తీసేస్తుంది.

ఇదంతా పెద్ద పెద్ద ఐటీ టవర్ల గొడవ అనుకునేవాళ్లకి ఒక లెక్క. అమెరికాలో 2014లో వచ్చిన ఒక పరిశోధన ప్రకారం అక్కడ ఏడాదికి 36.5 కోట్ల నుంచి 98.8 కోట్ల పక్షులు భవనాలకి గుద్దుకుని చనిపోతున్నాయి. అందులో దాదాపు 44 శాతం మామూలు ఇళ్ల దగ్గర, మిగతాది ఎక్కువగా తక్కువ ఎత్తు భవనాల దగ్గర, ఆకాశహర్మ్యాల వాటా ఒక శాతం కూడా లేదు. టవర్లు ప్రమాదం కాదని దీని అర్థం కాదు, ఒక్కో టవర్ చాలా పిట్టల్ని చంపుతుంది, కానీ ఇళ్లూ చిన్న బిల్డింగులూ లెక్కలేనన్ని ఉన్నాయి. చెట్ల ఎత్తులో ఉండే అద్దమే ముఖ్యం. బెంగళూరులో మన అపార్ట్‌మెంట్లన్నీ చెట్లు చూపించే అమ్ముతారు, బ్రోషర్ నిండా "లేక్ వ్యూ" ఉంటుంది, ఆ వ్యూ కోసం నేల నుంచి సీలింగ్ దాకా అద్దం పెడతారు.

సరే, వస్తువు సంగతికి వస్తాను.

వెతకడం మొదలుపెట్టగానే ముందు కనిపించేది డేగ బొమ్మ స్టిక్కర్. నల్లగా, రెక్కలు చాపిన డేగ, అద్దానికి ఒకటో రెండో అంటిస్తే పిట్టలు భయపడతాయని రాసి ఉంటుంది. కొనకండి. కదలని డేగకి ఏ పిట్టా భయపడదు, ఆ బొమ్మ ఉన్నంత మేర తప్పుకుని పక్కన ఖాళీగా ఉన్న అద్దానికి గుద్దుకుంటుంది. తర్వాత అతినీలలోహిత స్టిక్కర్లు, మనకి దాదాపు కనిపించవు, పిట్టలకి మెరుస్తూ కనిపిస్తాయి అని. కొన్ని పిట్టలకి ఆ కాంతి బాగా కనిపిస్తుంది, కొన్నింటికి కనిపించదు. మన ఇంటి ముందుకి ఏ పిట్ట వస్తుందో మనం ఎంచుకోలేం కాబట్టి నేను ఆ దారికి పోలేదు.

పని చేసే పద్ధతి చాలా సులువైనది: అద్దం మొత్తం పరుచుకునేలా గుర్తులు, ఒక్కో గుర్తుకీ మధ్య రెండు అంగుళాలు, అంటే ఐదు సెంటీమీటర్లు మించకూడదు, అన్నీ అద్దానికి బయటి వైపే ఉండాలి. గుర్తు చుక్క కావచ్చు, గీత కావచ్చు. అమెరికన్ బర్డ్ కన్జర్వెన్సీ అనే సంస్థ ఇస్తున్న సలహా కూడా ఇదే. తాను పట్టలేనంత ఇరుకు సందు అనిపిస్తే పిట్ట పక్కకి తప్పుకుంటుంది. నాలుగు అంగుళాల ఖాళీ వదిలితే తేనెపిట్ట, కుట్టుపిట్ట లాంటి చిన్నవి అందులోంచి దూరిపోవచ్చనుకుంటాయి.

ఈ పద్ధతిలో రెడీమేడ్‌గా దొరికేది విదేశాల నుంచి వచ్చే చుక్కల టేపు. టేపు అంటించి, రుద్ది, పైపొర లాగేస్తే చుక్కలు వరుసగా అద్దం మీద మిగిలిపోతాయి. వస్తువు బాగుంటుంది, కానీ షిప్పింగ్, కస్టమ్స్ కలిపి చూస్తే మా రెండు అద్దాలకే ఒక చిన్న ఫర్నిచర్ ముక్క ఖర్చు. అంత అవసరం లేదనిపించింది, ఎందుకంటే మన ఊళ్లో వినైల్ (స్టిక్కర్లకి వాడే ప్లాస్టిక్ షీట్) కటింగ్ షాపులకి కొదవే లేదు. జేసీ రోడ్డు వైపు బండ్ల స్టిక్కర్లు, ఫిల్ములు అమ్మేవాళ్లు, షాపుల అద్దాల మీద అక్షరాలు అంటించేవాళ్లు, వాళ్ల దగ్గర ఉండే మెషిన్‌కి ఇది చిన్న పని.

మొదట అడిగిన షాపాయన నేను చెప్పింది పూర్తిగా వినకుండానే లోపలి వైపు అంటిస్తే చాలు మేడమ్, రెండు వైపులా కనిపిస్తుంది కదా అన్నాడు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు ఇచ్చిన సూచనల కాగితంలోనూ లోపలైనా బయటైనా ఫరవాలేదు అని ఉంది. ఇది చాలా పెద్ద తప్పు సలహా, నేను అర మార్కు కోసింది దీనికే. లోపలి వైపు చుక్కలు పెడితే బయట నుంచి చూసేటప్పుడు వాటి మీద చెట్టు ప్రతిబింబం కప్పేస్తుంది. మీరే కిందకి దిగి చూడండి, మీ కిటికీకి లోపలి వైపు వేసిన కర్టెన్ డిజైన్ పగటిపూట ఎంత కనిపిస్తోందో. కిటికీ ఫిల్ముల మీద 2023లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కూడా బయట అంటించినవే పిట్టల్ని తప్పించాయి, అదే ఫిల్ము లోపల అంటిస్తే లాభం లేకపోయింది. డబ్బు పెట్టి, పని చేశాం అన్న తృప్తితో కూర్చుంటాం, పిట్టలు మాత్రం గుద్దుకుంటూనే ఉంటాయి.

రెండో షాపులో కుప్పం వైపు కుర్రాడు ఒకతను ఉన్నాడు. తెలుగులోనే మాట్లాడాడు, శ్రద్ధగా విన్నాడు. "అక్కా, అంత దగ్గర దగ్గరగా ఎందుకు, నాలుగు అంగుళాలకి పెడితే వినైల్ మిగులుతుంది, చూడ్డానికీ బాగుంటుంది" అన్నాడు. కారణం చెప్పాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మేం ఆరు మిల్లీమీటర్ల చుక్క అడిగితే, అంత చిన్నవైతే కత్తిరించేటప్పుడు లేచిపోతున్నాయని సాంపిల్ కోసి చూపించి, ఎనిమిది మిల్లీమీటర్లకి వెళ్దాం అన్నాడు. మంచి సలహా. చుక్కలన్నీ ఒకే పారదర్శక టేపు మీదకి ఎత్తి, షీట్లుగా చుట్టి తెచ్చాడు. తెల్ల రంగు, బయట వాడే రకం వినైల్ అని ప్రత్యేకంగా అడగండి, లోపల వాడే రకం ఎండకి, వానకి అంచులు లేచిపోతుంది.

అంటించడం మాత్రం ఆలోచించి చేయాల్సిన పని. రెండో అంతస్తే కదా అని కిటికీలోంచి ఒంగి చేయి బయటపెట్టి అంటించాలని దయచేసి చూడకండి. స్లైడింగ్ తలుపుల్ని ట్రాక్‌లోంచి పైకి ఎత్తి బయటికి తీయొచ్చు, చాలా వాటికి అలా వస్తాయి, ఇద్దరు మనుషులుంటే చాలు. అలా తీసి హాల్లో దుప్పటి పరిచి దాని మీద పడుకోబెట్టి తాపీగా అంటించాం. ఫిక్స్‌డ్ అద్దం తీయలేం కాబట్టి, మా అపార్ట్‌మెంట్‌కి బయటి అద్దాలు తుడవడానికి తాళ్లు కట్టుకుని దిగేవాళ్లు వచ్చే రోజు దాకా ఆగాం. వాళ్లలో ఒకతనికి ఆ కుర్రాడు కింద నుంచి వరస చెబుతుంటే, తుడవడం, సబ్బు నీళ్లు చల్లడం, షీట్ పెట్టడం, రబ్బరు వైపర్‌తో నీళ్లు లాగడం, టేపు మెల్లగా పీకడం, గంటలో అయిపోయింది. వినైల్, కటింగ్, వీళ్ల కూలీ అంతా కలిపి మాకు నాలుగు వేల లోపే అయింది. మీ అద్దం సైజుని బట్టి, తాళ్లవాళ్లని ప్రత్యేకంగా పిలవాల్సి వస్తే, ఇది మారుతుంది.

అందరూ అడిగే ప్రశ్న, లోపల నుంచి చూస్తే అసహ్యంగా ఉండదా? ఉండదు. లెక్క వేసి చూడండి, ఐదు సెంటీమీటర్ల చదరంలో ఎనిమిది మిల్లీమీటర్ల చుక్క ఒకటి, అంటే అద్దంలో మూసుకుపోయేది రెండు శాతమే. వెలుతురు తగ్గలేదు. మొదటి కొన్ని రోజులు కళ్లు చుక్కల మీదకే వెళ్తాయి, తర్వాత చూపు వాటిని దాటి చెట్టు మీదకి పోతుంది. పక్కింటి నెల్లూరావిడ వచ్చి చాలాసేపు చూసి, "సంక్రాంతికి ముగ్గు వేయడానికి చుక్కలు పెట్టి ఉంచినట్టుందమ్మా, బాగుంది" అంది, విషయం చెప్పాక తమ బెడ్‌రూమ్ కిటికీకి కూడా ఆ కుర్రాడి నంబరు అడిగి తీసుకుంది. సాయంత్రం ఎండ పడితే నేల మీద చుక్కల నీడలు పడతాయి, మా పాప వాటి మీద అడుగులు వేసుకుంటూ ఆడుతుంది.

చిన్న చిన్న ఇబ్బందులు ఉన్నాయి. వానాకాలంలో చుక్కల అంచుల దగ్గర దుమ్ము పేరుకుని కాస్త నల్లబడ్డాయి. బాల్కనీ డోర్ కింది వరసలో స్క్రబ్బర్‌తో గట్టిగా రుద్దిన చోట కొన్ని లేచిపోయాయి, ఆ కుర్రాడు ముందే ఒక ముక్క అదనంగా ఇచ్చాడు కాబట్టి మళ్లీ అంటించాం. మెత్తని బట్ట, సబ్బు నీళ్లు చాలు. అద్దె ఇంట్లో ఉండేవాళ్లకి ఒక మాట, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే వినైల్ వచ్చేస్తుంది, ఓనరుకి ముందే చెప్పి చేయండి, టెన్షన్ ఉండదు.

ఇక ఫలితం. పెట్టించినప్పటి నుంచి ఈ రెండు అద్దాల దగ్గర ఠప్‌మనే ఆ శబ్దం మేం వినలేదు, ఈకల పొడి అచ్చు చూడలేదు. గువ్వలు బాల్కనీ రెయిలింగ్ దాకా వచ్చి వాలుతున్నాయి, అద్దం వైపు వచ్చిన పికిలి పిట్ట కొన్ని అడుగుల దూరంలో ఒక్కసారిగా మలుపు తిరిగి కానుగ మీదకి వెళ్లిపోవడం నేనే చూశాను. ఒక్క ఇంటి అనుభవాన్ని రుజువు అనను. కానీ ఇదే పద్ధతిని పెద్ద ఎత్తున చేసిన చోట్ల ఏమైందో తెలుసు. చికాగోలో మెకార్మిక్ ప్లేస్ అనే కన్వెన్షన్ సెంటర్ భవనం దగ్గర 2023 అక్టోబర్‌లో ఒక్క రాత్రిలో దాదాపు వెయ్యి వలస పక్షులు గుద్దుకుని చనిపోయాయి. మరుసటి ఏడాది వేసవిలో దాని అద్దాలన్నిటికీ ఇలాంటి చుక్కలే అంటించారు, ఆ శరదృతువులో చావులు 95 శాతం దాకా తగ్గాయి. న్యూయార్క్‌లో జావిట్స్ సెంటర్ అనే ఇంకో కన్వెన్షన్ సెంటర్ అద్దాలు మార్చి, గాజులోనే చుక్కలు ముద్రించినవి పెట్టాక అక్కడ 90 శాతం తగ్గాయి. ఆ నగరం 2019లో చట్టమే చేసింది, కొత్త భవనాలకి కింది 75 అడుగుల దాకా బయటి గోడల్లో 90 శాతం పిట్టలకి కనిపించే రకంగానే ఉండాలని.

మనకి అలాంటి చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు. దసరా అయ్యే రోజులకి హిమాలయాల అడుగు నుంచి, మధ్య భారతం నుంచి ఇండియన్ పిట్టా అనే వలస పక్షి దక్షిణానికి దిగుతుంది, కొన్ని శ్రీలంక దాకా పోతాయి. ఆకుపచ్చ, నీలం, గోధుమ, ఎరుపు, ఒంటి మీద లేని రంగు లేదు, తోక మాత్రం పొట్టి. రాత్రిళ్లు ప్రయాణం చేస్తుంది. నగరం దీపాలకి దారి తప్పి, అలసిపోయి, తెల్లారేసరికి ఏ అపార్ట్‌మెంట్ కాంపౌండ్‌లోనో దిగి, అక్కడి అద్దాల మధ్య చిక్కుకుంటుంది. దసరాకి పాలపిట్టని చూస్తే మంచిదని ఊరి పొలిమేర దాకా వెళ్లి వెతికేవాళ్లం మనం. ఆ పాలపిట్టే తెలంగాణకీ ఈ కర్ణాటకకీ రాష్ట్ర పక్షి. పండగ నాడు పిట్టకి దణ్ణం పెట్టే మనుషులం కాబట్టి, ఈ ఖర్చు మనకి ఎక్కువ అనిపించకూడదు.

చుక్కలు వద్దనుకునేవాళ్లకి నేను చూసిన వేరే దారులు కూడా చెప్తాను. బస్సుల మీద ప్రకటనలకి వాడే వన్ వే విజన్ అనే సన్న రంధ్రాల వినైల్ బయటి వైపు అంటిస్తే చాలా బాగా పని చేస్తుంది, లోపల నుంచి బయటికి కనిపిస్తుంది, మెట్ల దగ్గరి అద్దాలకి అదే నయం. బయటి వైపు బిగించిన దోమల మెష్ ప్రతిబింబాన్ని చంపేస్తుంది. సన్నని నైలాన్ తాళ్లని పది సెంటీమీటర్ల ఎడంతో అద్దం ముందు నిలువుగా వేలాడదీసే పద్ధతి కూడా ఉంది, తాళ్లు గాలికి కదులుతాయి కాబట్టి ఆ మాత్రం ఎడం సరిపోతుంది, దాదాపు ఖర్చు లేదు. పావురాల నెట్ ఉన్నవాళ్లు అది బిగువుగా ఉందో లేదో చూసుకోండి, వదులుగా ఉంటే పిట్టలు కాళ్లు, రెక్కలు చిక్కుకుని వేలాడతాయి. అన్నిటికంటే చెడ్డది ఎండ కోసమనీ ప్రైవసీ కోసమనీ అంటించే మిర్రర్ ఫిల్మ్. అది అద్దాన్ని పూర్తిగా ఆకాశంగా మార్చేస్తుంది. ఇప్పటికే ఉంటే దాని మీదే బయట చుక్కలు పెట్టించండి. పిట్టలకి నీళ్ల గిన్నె, గింజలు పెట్టే అలవాటు ఉంటే అద్దానికి మీటరు లోపే పెట్టండి, అక్కడి నుంచి లేచే పిట్టకి దెబ్బ తగిలేంత వేగం రాదు.

ఏ పిట్టైనా గుద్దుకుని కింద పడితే చేతిలో పట్టుకుని నిమరడం, నోట్లో నీళ్లు పోయడం, పైకి ఎగరేసి చూడడం, ఇవేవీ వద్దు. గాలి ఆడే అట్టపెట్టెలో మెత్తని బట్ట వేసి, అందులో పెట్టి మూసి, చీకటిగా, చప్పుడు లేని చోట ఒక గంట ఉంచండి, పిల్లినీ కుక్కనీ దూరంగా పెట్టండి. తర్వాత బయటికి తీసుకెళ్లి మూత తెరిస్తే ఎగరగలిగేది ఎగురుతుంది. ఎగరకపోతే, రెక్క వాలిపోయినా రక్తం కనిపించినా, ఆగకుండా కెంగేరి వైపు ఉన్న పీపుల్ ఫర్ యానిమల్స్ వన్యప్రాణి ఆసుపత్రికో, ఏవియన్ అండ్ రెప్టైల్ రీహాబిలిటేషన్ సెంటర్‌కో ఫోన్ చేయండి. ఇంట్లో పెంచుకుందాం అనుకోవద్దు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

మా దగ్గర ఇంకా మిగిలింది క్లబ్‌హౌస్. మూడు వైపులా అద్దం, మధ్యలో మొక్కలు, ఒక మూల నుంచి ఇంకో మూలకి అద్దాల్లోంచి సూటిగా కనిపిస్తుంది, పిట్టకి అంతకంటే పెద్ద ఉచ్చు లేదు, పొద్దున్నే హౌస్‌కీపింగ్ వాళ్లు ఊడ్చేసే లోపు వెళ్లి చూస్తేనే అక్కడ ఏం జరుగుతోందో తెలుస్తుంది. అసోసియేషన్ మీటింగ్‌లో అడిగితే లుక్ పాడవుతుందని కొందరు ఒప్పుకోలేదు. వాదించకుండా అందర్నీ మా హాల్లోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి టీ ఇచ్చాం, అద్దం చూపించాం. తూర్పు వైపు ఒక్క వరస అద్దాలకి సాంపిల్‌గా పెట్టి చూడటానికి సరేనన్నారు. కుప్పం కుర్రాడు కొలతలు తీసుకెళ్లాడు, సెప్టెంబర్ లోపు అంటించేయాలి.